గడప బయటి బూట్లు

ఎన్సియో వాళ్ళ ఊళ్ళో, ఇంట్లో ఎవరూ లేరని చెప్పడానికి తాళం వెయ్యరు. తలుపు దగ్గరగా లాగి, దానికి ఒక చీపురు చేరవేసి వెళ్ళిపోతారు. ఫిన్లాండ్ ఉత్తరపు కొసన, ఇంటికీ ఇంటికీ మధ్య ఒక అడవి పడుకుని ఉండే ఆ చోట, కాపలా అంటే ఆ చీపురే. వచ్చినవాళ్ళు దాన్ని చూస్తారు, మనుషులు లేరనుకుంటారు, వెనక్కి తిరుగుతారు.

ఎన్సియో ఒక్కడే వెనక్కి తిరగనక్కర్లేని మనిషి.

పింఛను వచ్చేదాకా అతను రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపాడు. సూర్యుడు మొహం చూపించని నెలల్లో, ఊరు లేవకముందే, లారీ దీపాల పసుపు వెలుగు ముందు నడుస్తుంటే వెనకాల లారీలో అతను వచ్చేవాడు. రాత్రంతా కురిసిన తెల్లదనం ఇనప రేకు ముందు వంగి, పక్కకి ఒరిగి, దారికి దారి ఇచ్చేది. దారి పొడుగునా ఇళ్ళలో అతని కోసం పొయ్యి గట్టు మీద కాఫీ ఉండేది. మనుషులు పశువుల కొట్టంలోనో, పట్నం పనిలోనో ఉండేవాళ్ళు. తలుపుకి చీపురు ఉండేది. ఎన్సియో చీపురు తీసి పక్కన పెట్టి, మెట్టు మీద బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్ళతో లోపలికి వెళ్ళేవాడు. కాఫీ తాగి, కప్పు కడిగి, బోర్లించి, తలుపు లాగి, చీపురు మళ్ళీ ఉన్నచోటే ఉంచేవాడు. ఏ ఇంట్లో ఏ చెక్క కిర్రుమంటుందో అతని పాదాలకి తెలుసు. అతను వచ్చి వెళ్ళాడని ఇంటివాళ్ళకి ఆ కడిగిన కప్పే చెప్పేది.

అతని సొంత ఇంట్లో భార్య సైమి ఉండేది. పిల్లలు లేరు. సైమి పాత బట్టలు పేలికలుగా చించి మగ్గం మీద తివాచీలు నేసేది. వంటింట్లో తలుపు నుంచి కుళాయి దాకా పొడుగ్గా పరిచిన తివాచీలో అతని డ్యూటీ చొక్కాల నీలం ఒక చార, ఆమె పెళ్ళినాటి గౌను అంచు ఒక చార, వాళ్ళమ్మ దుఃఖంలో కట్టుకున్న నలుపు ఒక చార. "నడువు, నడువు. నడిస్తేనే దానికి అందం" అనేది సైమి. ఆమె పోయాక కూడా ఎన్సియో ఆ తివాచీ మీద మెల్లగా నడిచేవాడు, ఎవరో నిద్రపోతున్నట్టు.

దొంగలు వసంతంలో పడ్డారు.

మంచు కరిగి దారులన్నీ బురదై ఉన్న రోజులు. ఎన్సియో సరస్సులో వల వేసి తిరిగొచ్చేసరికి చీపురు వాకిట్లో దూరంగా పడుంది. మోటారు రంపం లేదు. పడవ ఇంజను లేదు. సైమి రాగి కాఫీ కెటిల్ లేదు. అవన్నీ తర్వాత చూసుకున్నాడు. ముందు చూసింది తివాచీని. బూటు అడుగుల బురద అచ్చులు, లోపలికి కొన్ని, బయటికి కొన్ని. పెళ్ళి గౌను చార మీద ఒక మడమ గుర్తు.

అతను దాన్ని సరస్సు ఒడ్డుకి మోసుకెళ్ళి సబ్బు నురగలో తోమాడు. రంగులు మళ్ళీ లేచాయి. మడమ గుర్తు మాత్రం నీడలా మిగిలింది.

ఇర్మెలి కొట్లో, కాఫీ బల్ల దగ్గర, ఆ వేసవంతా అతను చెప్పింది ఒకటే మాట.

"రంపం పోతే పోయింది, ఇర్మెలీ. బూట్లతో వచ్చారు. బూట్లతో తొక్కారు సైమి తివాచీని."

"ఛీ, మనుషులేనా అన్నయ్యా వాళ్ళు!" అనేది ఇర్మెలి కౌంటరు వెనక నుంచి, వారం వారం అదే విసుగులేని కోపంతో.

"ఎంత లేనివాడైనా గడప దగ్గర బూట్లు విప్పుతాడు. విప్పలేదంటే వాడు మనిషి కాదు, దొంగ. గుర్తుపట్టడానికి ఇంకేం అక్కర్లేదు."

చిన్నప్పటి నుంచీ నేస్తమైన ఒస్మో బన్ను కొరుకుతూ నవ్వేవాడు. "ఒరే, పోలీసులకి చెప్పు. ఊళ్ళో బూట్లు విప్పనివాళ్ళందర్నీ పట్టుకెళ్తారు. ముందు మా బావమరిదిని."

నవ్వులాట ఒస్మోది. ఎన్సియో మొహం మీద నవ్వు ఆనేది కాదు.

ఒకనాడు మెర్వి అటుగా వస్తే వాకిట్లోనే ఆపాడు. మెర్వి ఆ ప్రాంతపు పోలీసు. చిన్నప్పుడు ఆమె బడి బస్సుకి ముందు దారి చేసింది ఎన్సియో లారీయే కాబట్టి, యూనిఫాంలో ఉన్నా అతన్ని బాబాయ్ అనే పిలిచేది.

"దొరుకుతారా వాళ్ళు?"

"అబద్ధం చెప్పను బాబాయ్. దొరకరు."

"మళ్ళీ వస్తే నేనేం చెయ్యొచ్చు? చట్టం ఏం చెయ్యనిస్తుంది?"

మెర్వి కారుకి ఆనుకుంది. "ఇంటికి చట్టం ఇచ్చే రక్షణ పేరు నీకు తెలుసుగా. ఇంటి శాంతి. వాళ్ళు నీ రంపం కంటే ముందు దొంగిలించింది దాన్నే. కాబట్టి బయటికి పొమ్మనొచ్చు. పోకపోతే తొయ్యొచ్చు. మీదికొస్తే కొట్టొచ్చు. ఆపడానికి ఎంత కావాలో అంత. ఆ పైన పడే దెబ్బ ఇంటి కోసం కాదు, నీ కోసం."

"భయమేసి కొడితే?"

"భయపడ్డవాణ్ణి చట్టం అర్థం చేసుకుంటుంది. కసి తీర్చుకునేవాణ్ణి కాదు."

"ఏది ఏదో బయటికెలా తెలుస్తుంది?"

"తెలీదు" అంది మెర్వి. "అందుకేగా బాబాయ్, నిన్నే అడుగుతాం."

ఆ మాట విని ఎన్సియో తలూపాడు. ఆ మర్నాడే ఎండిన బర్చ్ చెట్టు కట్టె ఒకటి తీసుకుని గొడ్డలి కామ చెక్కడం మొదలుపెట్టాడు. అతని గొడ్డలికి ఉన్న పిడి బాగానే ఉంది. అయినా సాయంత్రాలన్నీ మెట్టు మీద కూర్చుని, చివర లేని ఆ ఉత్తరపు వెలుతురులో, చెక్కుతూనే ఉన్నాడు. కామ చేతికి అమిరింది. సన్నగా, బరువుగా, సైమి మణికట్టంత నునుపుగా. దానికి గొడ్డలి తగిలించలేదు.

ఇంకో పని కూడా మొదలుపెట్టాడు. ఇంట్లో ఉండి కూడా తలుపుకి చీపురు చేరవేసి, వెనక తలుపు నుంచి తిరిగేవాడు. ఒస్మో ఒకసారి చూసి తెల్లబోయాడు.

"ఇంట్లోనే ఉండి చీపురు పెట్టుకుంటావేంట్రా? మతిపోయిందా?"

"చూద్దాం, ఎవరు తీస్తారో."

"మంచివాడైతే వెళ్ళిపోతాడు కదరా."

"అదే కదా."

ఒస్మో కాసేపు అతని వంక చూసి, మాట మార్చాడు.

ఆగస్టు వచ్చింది. అడవి నేలంతా నీలిపండ్లతో మసకబారింది. ఎప్పటిలాగే థాయిలాండ్ నుంచి పండ్లు ఏరేవాళ్ళు వచ్చి, మూతపడ్డ పాత బడిలో దిగారు. అడవిలో పండు ఎవరైనా కోసుకోవచ్చు, అది అందరి హక్కు. ఇంటి వాకిలి మాత్రం ఇంటివాడిది. వ్యాన్లు వాళ్ళని తెల్లారే దారుల చివర దింపి వెళ్ళేవి. చెట్ల మధ్య రంగురంగుల టోపీలు వంగి లేస్తుండేవి. పాత రోజుల్లో ఎన్సియో వాళ్ళకి చెయ్యూపేవాడు. ఈ ఏడు ఊపలేదు.

ఆ మధ్యాహ్నం ఎండ మామూలుగా లేదు. అతను కట్టెల కొట్టంలో ఉన్నాడు. కామ పక్కనే ఉంది. మధ్యలో నీళ్ళ కోసం లేచి, ఇంటి మూల తిరిగి, ముందు తలుపు వైపు చూశాడు.

చీపురు తలుపుకి లేదు. గోడకి నిలబెట్టి ఉంది. విసిరి కాదు, జాగ్రత్తగా, పడిపోకుండా రెయిలింగు మూలకి ఆనించి.

మెట్టు మీద ఒక జత రబ్బరు బూట్లు.

చిన్నవి. ఆకుపచ్చవి. పక్కపక్కన, మడమలు తలుపు వైపు, మునివేళ్ళు వాకిలి వైపు తిప్పి పెట్టి ఉన్నాయి, వచ్చిన మనిషి వెంటనే వెళ్ళిపోవాలనుకున్నట్టు. ఒక బూటు మీద నీలిపండు చిదిగిన మరక. వాటిని అతను చూశాడు. బాగా చూశాడు. ఆ తర్వాత చాలా రోజులు కళ్ళు మూసుకుంటే చాలు, ఆ మరక ఆకారం కూడా కనిపించేది.

లోపల కుళాయి పారుతోంది. ఎవరో మెత్తగా ఏదో అన్నారు, పిలిచినట్టు.

ఎన్సియో కొట్టం దాకా వెనక్కి వెళ్ళాడు. కామ తీసుకున్నాడు. మళ్ళీ మెట్ల దగ్గరికి వచ్చాడు. బూట్లు అక్కడే ఉన్నాయి. ఈసారి వాటిని చూడకుండా దాటాడు.

వంటింట్లో ఒక ఆడమనిషి, నడివయసు, తలకి గుడ్డ చుట్టుకుని, వీపు ఇటు పెట్టి, అతని గిన్నెలో నీళ్ళు పడుతోంది. మేజోళ్ళతో నిలబడింది, తివాచీ చివర మీద కాదు, పక్కన, చెక్క మీద. అడుగుల చప్పుడుకి తిరిగింది. గిన్నె వదిలి చెయ్యి పైకెత్తింది. ఆ చేతి మీదే దెబ్బ పడింది. పుల్ల విరిగిన చప్పుడు అయింది. పుల్ల కాదు.

గిన్నె దొర్లి నీళ్ళు తివాచీ మీద పారాయి. ఆమె కేక వెయ్యలేదు. కుళాయి గట్టు కింద ముడుచుకుని, విరిగిన చేతిని రెండో చేత్తో పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని, "నీళ్ళు" అంది. ఎన్సియో భాషలోనే అంది. ఆమెకి వచ్చిన మాటల్లో అదొకటి. "నీళ్ళు, నీళ్ళు" అంటూ, గడ్డంతో కిటికీ వైపు చూపించింది. దారి పక్కన, అడవి అంచున, ఇంకో మనిషి బకెట్ల మధ్య ఒరిగి కూర్చుని ఉంది. పెద్దావిడ. తల వాలిపోయి ఉంది.

ఎన్సియో చేతిలోంచి కామ జారింది. ఫోను చేశాడు. అంబులెన్సు అన్నాడు, పోలీసు అన్నాడు, ఊరి పేరు చెప్పాడు. గిన్నె మళ్ళీ నింపాడు. గబగబా బయటికి వచ్చాడు.

మెట్టు మీద బూట్లు ఉన్నాయి.

అతను గిన్నె కింద పెట్టాడు. బూట్లు తీసుకున్నాడు. వాకిలి దాటి, ఆవిరి స్నానం చేసే సౌనా తలుపు తెరిచి, ఆవిరి గదిలో బల్ల కింద చీకట్లోకి తోసేశాడు. అప్పుడు వెనక్కి వచ్చి, గిన్నె ఎత్తుకుని, ఆ పెద్దావిడకి నీళ్ళు తీసుకెళ్ళాడు.

ముందు బూట్లు. తర్వాత నీళ్ళు. తన మీద తనకి రోత పుట్టించింది దెబ్బకంటే కూడా ఆ వరసే. దెబ్బకి కోపం ఉంది. దీనికి ఏం పేరు పెట్టాలో అతనికి తెలియలేదు.

అంబులెన్సు ఇద్దరినీ ఎక్కించుకుంది. విరిగిన చేతి మనిషిని మేజోళ్ళతోనే స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. మెర్వి యూనిఫాం బూట్లతోనే లోపలికి వచ్చి, తివాచీని దాటి, బల్ల దగ్గర కూర్చుంది. డ్యూటీలో ఉన్నవాళ్ళు విప్పనక్కర్లేదు.

"ఎలా జరిగింది బాబాయ్?"

"చీపురు తీసేసి ఉంది. లోపల మనిషి. వసంతంలో వచ్చినవాళ్ళే అనుకున్నాను."

"భయమేసిందా?"

"వేసింది."

"ఆడమనిషని తెలీదా?"

"వెలుతురు కళ్ళలో పడింది. వీపు కనిపించింది, అంతే."

"తలుపు బయట ఏమైనా చూశావా? ఎవరో తెలిసేలా ఏదైనా?"

ఎన్సియో కిటికీలోంచి సౌనా వైపు చూడకుండా ఉండడానికి బల్ల మీది చెక్క గీతల వంక చూశాడు.

"లేదు" అన్నాడు.

"మరి ఆమె చెప్పులేవి? మేజోళ్ళతో వెళ్ళింది."

"తెలీదమ్మా. అడవిలో ఎక్కడో వదిలేసిందేమో."

మెర్వి రాసుకుంటున్న పుస్తకం మూసింది. తర్వాత లేస్తూ అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడ ఉన్నంతసేపూ అతనికి ఒళ్ళు ముళ్ళ మీద ఉన్నట్టే ఉంది.

తర్వాతి రోజుల్లో ఊరు అతన్ని కడుపులో పెట్టుకుంది. అదే భరించలేకపోయాడు. కొట్లోకి అడుగు పెట్టగానే కాఫీ బల్ల దగ్గర కుర్చీ లాగారు. ఎవరో వీపు తట్టారు.

"పాపం, చేతికి దెబ్బ తగిలింది నిజమే. కానీ ఊరుకుంటామా? ఇల్లు ఇల్లే కదా" అన్నాడొకాయన.

"ఇవాళ నీళ్ళంటారు, రేపు ఇంకోటంటారు."

ఒస్మో వాతావరణం తేలిక చేద్దామని బన్ను గాల్లో ఊపాడు. "ఒరే ఎన్సియో, అన్నీ చెప్పావు గానీ అసలు సంగతి చెప్పలేదు. ఈవిడైనా బూట్లు విప్పిందా, లేదా? దొంగ అవునో కాదో నీ లెక్క ప్రకారం తేల్చేద్దాం!"

అందరూ నవ్వారు. ఎన్సియో కప్పు పెదాల దాకా తీసుకెళ్ళి, తాగకుండా దించాడు. తల కొట్టేసినట్టయింది.

"ఏరా, పలకవేం?"

"వదిలెయ్యి, ఒస్మో" అంది ఇర్మెలి. ఆమె నవ్వలేదు. బన్నుల పళ్ళెం తుడుస్తూ, ఎవరితోనూ కాదన్నట్టు అంది: "మా అమ్మ కాఫీ పెట్టి, చీపురు చేరవేసి, కొట్టానికి వెళ్ళేది. ఒకసారి తిరిగొచ్చేసరికి పొయ్యి కడ్డీ మీద నీ తడి మేజోళ్ళు ఆరేసి ఉన్నాయి, గుర్తుందా అన్నయ్యా? వాటిని మర్చిపోయి ఉత్త పాదాలకే బూట్లు వేసుకుని వెళ్ళిపోయావు. మేం నవ్వుకున్నాం. మా అమ్మ ఆ మేజోళ్ళకి చిరుగు కుట్టి పెట్టింది."

"గుర్తుంది" అన్నాడు ఎన్సియో.

"నీ సౌనా పొగ కనపడట్లేదు ఈమధ్య" అన్నాడు ఒస్మో, ఇంకా నవ్వు ఆరని మొహంతో. "శనివారం వస్తే చల్లగా ఉంది. ఏమైంది?"

"పొయ్యి పగిలింది."

అది కూడా అబద్ధమే. ఒక అబద్ధానికి ఆకలి ఎక్కువ. సైమి పోయిన వారం కూడా ఆగని శనివారపు ఆవిరి ఇప్పుడు ఆగిపోయింది. సౌనా తలుపు తెరవడానికి అతనికి చేతులు రావడం లేదు. ఆ ఇల్లు సైమి పుట్టిల్లే, పాత రోజుల్లో పురుళ్ళు సౌనాలోనే కాబట్టి అక్కడే సైమి పుట్టింది. అక్కడే ఆమెని చివరిసారి కడిగారు. ఆ బల్ల కిందే ఇప్పుడు అవి ఉన్నాయి, చీకట్లో, మునివేళ్ళు ఎటు తిరిగాయో తెలియకుండా.

పండ్ల కాలం అయిపోవస్తోందనగా మెర్వి ఫోను చేసింది.

"బాబాయ్, నీకు ఊరటగా ఉండే మాటే. ప్రాసిక్యూటర్ కేసు ముందుకు తీసుకెళ్ళేలా లేరు. భయంలో జరిగింది, ముందు ఒకసారి దొంగలు పడ్డారు, నువ్వు ఒంటరివాడివి. ఆవిడ కూడా నీ మీద ఏమీ అనలేదు."

"ఏమంది?"

"లమ్‌దువాన్ అని ఆవిడ పేరు. ఆ పెద్దావిడ వాళ్ళ పిన్ని. ఎండకి కళ్ళు తిరిగాయట. నీ తలుపు దగ్గర ఈవిడ పిలిచిందట, ఎవరూ పలకలేదట. అడక్కుండా వేరేవాళ్ళింట్లోకి వెళ్ళడం తనదే తప్పు అంది. చెప్పినంతసేపూ తలెత్తలేదు. ఒక్కటే అడిగింది."

"ఏంటి?"

"బూట్లు. దొరుకుతాయా అని. అవి ఆవిడవి కావట. అక్కడ వాళ్ళ ఊళ్ళో పక్కింటావిడ దగ్గర అరువు తెచ్చుకుందట. ఖాళీ చేతుల్తో వెళ్తే ఆవిడకి మొహం ఎలా చూపించాలి అంటోంది. మెట్టు మీదే విప్పానని చెప్తోంది. నేనేమో అడవిలో వెతికించాను." మెర్వి ఆగింది. "నువ్వు చూడలేదన్నావు కదా."

"చూస్తాను" అని ఫోను పెట్టేశాడు ఎన్సియో. ఆ మాట వెతుకుతాననీ, తేల్చి చెప్తాననీ రెండు రకాలుగా వినిపిస్తుందని తర్వాత తట్టింది.

అతను చాలాసేపు వంటింట్లో నిలబడ్డాడు. ఆమె నిలబడ్డ చోటే, తివాచీ పక్కన, చెక్క మీద. ముక్కూ మొహం తెలియని ఇంట్లో, పిన్ని అక్కడ ఒరిగిపోతుంటే, కంగారులో కూడా ఆమె బూట్లు విప్పింది. కంగారులో కూడా తివాచీ తొక్కకుండా పక్కనుంచి నడిచింది. ఇప్పుడు పక్కింటావిడ బూట్ల కోసం సిగ్గుపడుతోంది. సిగ్గుపడాల్సినవాడు ఇక్కడ ఉన్నాడు.

సౌనా తలుపు తెరిచాడు. చల్లటి బూడిద వాసన. మోకాళ్ళ మీద వంగి, బల్ల కిందికి చెయ్యి చాచి, బూట్లు బయటికి తీశాడు. తెచ్చి మెట్టు మీద పెట్టాడు. పక్కపక్కన, మడమలు తలుపు వైపు. ఒకసారి వెనక్కి తగ్గి చూసి, వంగి ఎడమ బూటు కొద్దిగా సర్ది, అప్పుడు ఉన్నట్టే ఉంచాడు. చీపురు తీసి రెయిలింగు మూలకి ఆనించాడు. తర్వాత మెర్వికి ఫోను చేసి రమ్మన్నాడు.

ఆమె వచ్చేసరికి ఇంటి మూల దగ్గర, కట్టెల కొట్టం దారిలో నిలబడి ఉన్నాడు.

"ఇటు రామ్మా. ఇక్కడ నిలబడు. ఏం కనిపిస్తోంది?"

మెర్వి చూసింది. ఆమె మొహంలో ఏదో మెల్లగా మూసుకుంది.

"బూట్లు" అంది.

"నాకూ కనిపించాయి. ఆ రోజు. ఇక్కణ్ణుంచే. చూసి, వెనక్కి వెళ్ళి, కామ తెచ్చుకున్నాను."

"బాబాయ్, ఆలోచించి మాట్లాడు. ఇది నేను రాసుకుంటాను."

"రాసుకో. భయమెయ్యలేదు, మెర్వీ. బూట్లు చూడగానే దొంగ కాదని తెలిసిపోయింది. తెలిసి కొట్టాను. వసంతంలో వచ్చినవాడి కోసం ఎదురుచూశాను. వేసవంతా చీపురు పెట్టి ఎదురుచూశాను. వాడు రాలేదు. ఎవరో ఒకరు వచ్చారు."

గాలికి బర్చ్ ఆకులు ఒక్కొక్కటిగా పసుపై రాలుతున్నాయి. మెర్వి మెట్లెక్కి, ఆ ఆకుపచ్చ బూట్ల పక్కన వంగి, తన యూనిఫాం బూట్ల తాళ్ళు విప్పింది. డ్యూటీలో విప్పనక్కర్లేకపోయినా విప్పింది. మేజోళ్ళతో లోపలికి వెళ్ళి, తివాచీ పక్కనుంచి నడిచి, బల్ల దగ్గర కూర్చుని, అతను చెప్పిందంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుంది. బూట్లు దాచిన సంగతి దగ్గర అతను ఆగిపోతే, తొందరపెట్టలేదు. ఆగింది. నీళ్ళకంటే ముందు బూట్లు అని అతను చెప్పేదాకా ఆగింది.

"ఇప్పుడు ఏమవుతుంది?"

"ఇంక భయం కేసు కాదు ఇది. కోర్టుకి వెళ్తుంది. దాచినందుకు కూడా అడుగుతారు." పెన్ను కింద పెట్టి అంది: "నిన్ను నేను ఆ రోజే గట్టిగా అడగాల్సింది. బాబాయ్ కదా అని అడగలేదు. అది నా సిగ్గు."

మెర్వి లేచి తన బూట్లు వేసుకుని, ఆ ఆకుపచ్చ జతని చేతిలోకి తీసుకుంది.

"నేను ఇచ్చి రానా?" అన్నాడు ఎన్సియో. "బడి దాకా నడిచి వెళ్తాను. ఆవిడకి నా నోటితో చెప్పాలి."

"వద్దు బాబాయ్."

"ఒక్క మాటే."

"ఆవిడకి నువ్వంటే భయం" అంది మెర్వి, మెత్తగా. మెత్తగా అన్నందుకే అది లోపలిదాకా దిగింది. "గొంతు వింటేనే వణికిపోతుంది. నీ మనసు తేలిక చేసుకోవడానికి ఆవిణ్ణి ఇంకోసారి వణికించకు."

కారు వెళ్ళిపోయింది. జీవితంలో అతన్ని చూసి ఎవరూ భయపడలేదు. మంచు తుఫానులో లారీ దీపాలు కనిపిస్తే ఊరు ఊపిరి పీల్చుకునేది. ఎక్కడో వేడి దేశపు పల్లెలో ఒకావిడ తలుపు చప్పుడైతే ఇకమీదట అతన్ని తలుచుకుంటుంది. ఆ తలపు అతని పాదాల కింది నుంచి చల్లగా పైకి పాకింది.

అది శనివారం. చీకటి పడకముందే ఒస్మో తువ్వాలు భుజాన వేసుకుని, ఆవిరిలో ఒంటికి కొట్టుకునే బర్చ్ కొమ్మల కట్ట చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"పొయ్యి బాగైందా? కాకపోతే మా ఇంటికి పోదాం పద. ఎన్ని శనివారాల మురికి ఉందో నీ మీద!" అంటూ మెట్టు మీద చతికిలబడి బూటు తాడు లాగాడు. అది అతని అలవాటు. ఎన్సియో ఇంట్లోకి ఎప్పుడూ రమ్మని పిలిపించుకుని రాలేదు.

"పొయ్యి పగల్లేదు, ఒస్మో."

"మరి?"

"నువ్వు కొట్లో అడిగావుగా. ఆవిడ బూట్లు విప్పిందా అని."

ఒస్మో తలెత్తాడు. నవ్వడానికి సిద్ధంగా ఉన్న మొహం.

"విప్పింది" అన్నాడు ఎన్సియో. "నువ్వు కూర్చున్న చోటే పెట్టింది. నేను చూశాను. చూశాకే కొట్టాను."

సరస్సు మీద ఏదో పిట్ట ఒకసారి అరిచి ఊరుకుంది. ఒస్మో తను కూర్చున్న చెక్క వంక చూశాడు. తన పాదం వంక చూశాడు. తాడు అతని వేళ్ళలో సగం ఊడి ఉంది. "తమాషాకేగా నేను అడిగింది" అన్నాడు, ఎవరికో క్షమాపణ చెప్పుకుంటున్నట్టు.

తర్వాత, తొందర లేకుండా, ముసలి వేళ్ళతో తడుముకుంటూ, ఆ తాడు మళ్ళీ ముడి వేసుకున్నాడు. లేచాడు. తువ్వాలు సర్దుకున్నాడు. వెళ్తున్నానని కూడా అనలేదు. వాకిలి దాటి దారి పట్టాడు.

బర్చ్ కొమ్మల కట్ట మెట్టు మీదే ఉండిపోయింది. మర్చిపోయాడో, వదిలేశాడో ఎన్సియోకి తెలియలేదు. వెనక నుంచి పిలవడానికి మొహం చెల్లలేదు. చీకటి మెట్ల దాకా వచ్చేవరకూ అక్కడే నిలబడి, రెయిలింగు మూల నుంచి చీపురు తీసుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, చేత్తో పట్టుకునే లోపలికి వెళ్ళాడు.